జింక ముట్టని పూలు

జింక తినని మొక్కంటూ భూమ్మీద లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తోటపనిలో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలకి సగం బాధ తప్పుతుంది. ఇష్టంగా తినేవి కొన్ని. ఎండాకాలం ఇంకేమీ దొరక్కపోతే తినేవి కొన్ని. రుచి తెలియని వయసులో ఒకసారి నమిలి ఉమ్మేసేవి కొన్ని. ఇవి కాక నాలుగో రకం ఇంకోటి ఉంది. దాని గురించి ఏ తోటమాలీ నాకు చెప్పలేదు. బాపట్లలో ఒక శ్రావణ శనివారం పొద్దున నాకే తెలిసింది.

నేను ప్రభుత్వ బంగళాల్లో తోటపని చేసి రిటైరైనదాన్ని. ముందు తెనాలి, తర్వాత బాపట్ల, ఆఖరికి రేపల్లె. అక్షరాలు నేర్చుకున్నది రేపల్లెలోనే, అదీ జుట్టు నెరిశాక. కాబట్టి రాతలో సొగసు వెతక్కండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తెనాలిలో నా పని సుఖం. ఆ నేలలో చీపురుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది. కాలవ నీళ్ళు తియ్యగా ఉంటాయి. అక్కడ తోటకి శత్రువులంటే ఇద్దరే: మేకలు, పొద్దున్నే పూజకి పూలు కోసుకునే ఆడవాళ్ళు. మేకని అదిలిస్తే పోతుంది. ఆడవాళ్ళు పోరు, పైగా "ఏంటే, దేవుడికి కూడా అడ్డం పడతావా" అని మనల్నే తిడతారు. అలాంటి చోటునుంచి నన్ను బాపట్లకి మార్చారు. సముద్రం వైపు వెళ్ళే రోడ్డుమీద ఒక బంగళా. కాంపుకొచ్చే ఆఫీసర్లు అక్కడ దిగేవాళ్ళు. నేలంతా ఇసక. పొద్దుగూకితే ఉప్పుగాలి. బావినీళ్ళు నోట్లో పోసుకుంటే నాలుక్కి తెలిసేది.

ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని గేట్లోంచి వెళ్ళేసరికి వరండా ముందు ఒక చుక్కల జింక నిలబడి ఉంది. ఆడది. తీరిగ్గా గులాబీ మొగ్గలు తుంచుకు తింటోంది. పక్కన ఖాకీ చొక్కా తొడుక్కున్న పెద్దాయన దాని వీపు నిమురుతూ, "నిదానం అమ్మడూ, ముల్లు గుచ్చుకుంటది" అంటున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏంటి బాబాయ్, గులాబీ తినేస్తుంటే చూస్తా నిలబడ్డావ్?" అన్నాను.

"అందుకేగా ముల్లు చూసుకోమంటున్నా" అన్నాడాయన.

ఆయనే మా వాచ్‌మన్. నాకంటే చాలా పెద్దవాడు. భార్య పోయింది. ఉన్న ఒక్క కూతురూ వేటపాలెంలో కాపురం. ఆ జింకని ఆయన పెంచాడు. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో చేపలవాళ్ళకి దొరికిందట, తల్లిని కుక్కలు చంపేస్తే. చేపలు తెచ్చే మనిషి దాన్ని చేపల తట్టలోనే పెట్టుకొచ్చి ఈయన చేతిలో పెట్టాడు. కంపు కొడుతున్న ఆ పిల్లకి ఈయన మేకపాలలో గుడ్డవత్తి ముంచి నోట్లో పెట్టి బతికించాడు. తర్వాత బదిలీ అయిన ఆఫీసరెవరో ఇంకో రెండు జింకల్ని వదిలిపెట్టి వెళ్ళాడు. అవి మనిషిని చూస్తే ఆమడ దూరం పరిగెత్తేవి. ఈ అమ్మడు మాత్రం ఆయన చెయ్యి వాసన చూస్తే చాలు, వచ్చేది.

జింకలకి బంగళా వెనక కంచె ఉండేది. ఉండేది అంటే పేరుకి ఉండేది. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి, బిస్కట్టులా విరిగేది. ఒకచోట కడితే ఇంకోచోట కన్నం.

మా వంటాయనది పొన్నూరు. మంచి చెయ్యి, చెడ్డ నోరు. పెరట్లో ఆయన వేసుకున్న తోటకూర, కొత్తిమీర కూడా జింకల పాలే. "బాబాయ్, నా తోటకూరంతా నీ కూతురి కడుపులో ఉంది. ఒకనాడు దాన్నే కూర వండితే నా తోటకూర నాకొచ్చినట్టేగా" అనేవాడు. బాబాయి అన్నం తినకుండా లేచిపోయేవాడు. అప్పుడు ఆ వంటాయనే కంచం పట్టుకుని వెనకాల పడేవాడు, "సరదాకన్నాను, రావయ్యా, పులుసు చల్లారిపోద్ది" అంటూ.

ఇలా ఉండగా సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు ఆ బంగళా బాధ్యత చూసే మా ఇంజనీరు గారు వచ్చి తోట చుట్టూ తిరిగారు. ఆయన చెడ్డమనిషి కాదు. పైవాళ్ళకి భయపడే మనిషి, అంతే.

"చూడమ్మా, పెద్దాఫీసరు గారు వచ్చే దసరా సెలవలకి భార్యతో సహా ఇక్కడికొచ్చి ఉంటారట. ముందుభాగం ఇలా బోసిగా కనపడితే నా పరువు పోతుంది. కొత్త కంచె అడిగాను, ఇవ్వలేదు. పూలన్నా ఉండాలి, జింకలన్నా పోవాలి" అన్నారు.

"పోవడమంటే ఎక్కడికండి?"

"గుంటూరులో ఎవరో అడుగుతున్నారు. వాళ్ళకి పంపించేస్తాను."

బాబాయి తలుపు పక్కనే నిలబడి విన్నాడు. జీపు వెళ్ళాక నా దగ్గరికొచ్చాడు. నేను నేలమీద కూచుని కలుపు తీస్తున్నాను. ఆయనా నా ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

"అమ్మాయ్, అది వేరేవాళ్ళ చేతిలో తినదు" అన్నాడు.

"తెలుసు బాబాయ్."

"గుంటూరెళితే చచ్చిపోద్ది."

"దానికి గిట్టని మొక్కలు పెట్టు తల్లీ. నీకు పుణ్యముంటది."

అప్పటిదాకా నాకూ జింకల మీద కోపమే. కానీ అంత పెద్దమనిషి మోకాళ్ళ నొప్పుల్తో అలా గొంతుక్కూచుని అడిగితే ఏమంటాం? సరేనన్నాను.

జింకకి గిట్టనివేవో ఎలా తెలుసుకోవడం? నాకు తోచింది చేశాను. కంచె దగ్గర రెండు గుంజలకి ఒక తాడు కట్టి, దానికి రకరకాల కొమ్మలు గుత్తులుగా వేలాడదీశాను. మధ్యాహ్నం కట్టడం, సాయంత్రం చూడటం. మందార ముందే మాయం. కనకాంబరం, చేమంతి, గులాబీ సంగతి చెప్పక్కర్లేదు. బంతి ఆకు పీకి పారేసేవి, పువ్వు మాత్రం తినేవి. తులసి, మరువం, దవనం, నిమ్మగడ్డి వాసన చూసి తుమ్మి వెళ్ళిపోయేవి. వావిలి కొమ్మ, అడ్డసరం కొమ్మ కట్టినవి కట్టినట్టే వాడిపోయేవి. నందివర్ధనం, బిళ్ళగన్నేరు, గన్నేరు వైపు చూసేవి కూడా కాదు.

నాకర్థమైంది ఏంటంటే, పాలు కారే మొక్కా, ఘాటు వాసన మొక్కా, నాలిక్కి గరుగ్గా తగిలే మొక్కా జింకకి పడవు. ఇది మీకు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. ఇంకోటి కూడా. పడని మొక్కయినా కొత్తగా నాటి నీళ్ళు పోసినప్పుడు చిగురు లేతగా ఉంటుంది కాబట్టి ఒకసారి కొరికి చూస్తాయి. ఆ మొదటి వారం ముళ్ళకంప అడ్డం పెట్టాలి.

ఈ సంగతంతా ఇంజనీరు గారికి చెబితే ఆయన సంబరపడ్డారు. "అయితే గన్నేరు పెట్టించు. ఎర్రవీ, తెల్లవీ. రైలు స్టేషన్లలో చూడలేదూ, నీళ్ళున్నా లేకున్నా గుత్తులు గుత్తులు పూస్తుంది. ఉప్పుగాలికి కూడా తట్టుకుంటుంది" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను కూడా అదే అనుకున్నాను. తెనాలి పాత తోటనుంచి బాగా ముదిరిన గన్నేరు మొక్కలు మట్టితో సహా రైల్లో తెప్పించుకుని దారికి రెండువైపులా పెట్టాను. మధ్యలో బిళ్ళగన్నేరు, వరండా పక్క నందివర్ధనం.

అందరికంటే ఎక్కువ సంతోషపడ్డది బాబాయి. "ఎర్ర గన్నేరంటే అమ్మవారికి మా ఇష్టం తల్లీ" అన్నాడు. గేటు పక్క గోడలో చిన్న గూడు ఉండేది. అందులో అమ్మవారి పటం పెట్టుకుని ఆయన రోజూ దీపం వెలిగించేవాడు.

వేసవి గడిచింది. జింకలు గన్నేరు పక్కనుంచే నడిచి వెళ్ళేవి, మూతి పెట్టేవి కావు. వానలు పడ్డాక మొక్కలు ఒక్కసారి విచ్చుకున్నాయి. శ్రావణం వచ్చేసరికి దారి అటూ ఇటూ ఎరుపూ తెలుపూ. వంటాయన వరండాలో నిలబడి, "ఇన్ని పూలు పూసినా నీ కూతురు ముట్టట్లేదే బాబాయ్! ఒంట్లో బాలేదా ఏంటి?" అని వేళాకోళం చేశాడు. బాబాయి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. గుంటూరు మాట ఇంజనీరు గారు మళ్ళీ ఎత్తలేదు.

ఆ శుక్రవారం బాబాయి మొదటిసారి నన్నడిగి బుట్టెడు ఎర్ర గన్నేరు కోసుకున్నాడు. కూచుని దండ గుచ్చాడు. అమ్మవారి పటం మునిగిపోయేంత దండ.

మర్నాడు పొద్దున నేను బావి దగ్గర చేదతో నీళ్ళు తోడుతున్నాను. బాబాయి పిలుపు వినపడింది. పిలుపు కాదు, గొంతు చీరుకుపోయిన కేక. పరిగెత్తాను. అమ్మడు కంచె పక్కన పడుకుని ఉంది. నోటమ్మట చొంగ కారుతోంది. కడుపు బిగబట్టుకుంటోంది. లేవబోయి ముందుకాళ్ళు మడిచేసి కూలబడుతోంది. మిగతా రెండూ దూరంగా నిలబడి బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాయి. వాటికేమీ కాలేదు.

వంటాయన సైకిలేసుకుని పశువుల డాక్టరు కోసం వెళ్ళాడు. జింకని కూరొండుతానన్న మనిషి చెప్పులు కూడా తొడుక్కోలేదు.

డాక్టరు గారు చిన్నవాడు. వచ్చీ రాగానే దూరంనుంచే మమ్మల్ని వెనక్కి తగ్గమని చెయ్యి ఊపారు. నెమ్మదిగా దగ్గరికెళ్ళి, మోకాళ్ళమీద వంగి దాని గుండెమీద చెవి పెట్టి చాలాసేపు విన్నారు.

"గుండె తప్పుతోంది. కొట్టుకుంటుంది, ఆగుతుంది, మళ్ళీ కొట్టుకుంటుంది. ఏం తిన్నది?"

"ఏమీ లేదండి, రోజూ తినే గడ్డే" అన్నాను నేను.

"ఇది గడ్డి పని కాదు. ఇక్కడ గన్నేరు ఉంది కదా, తిన్నదా?"

"లేదండి. నాలుగైదు నెలలుగా చూస్తున్నాం, జింకలు దాని ఛాయలకి పోవు."

నేను చెప్పింది నిజం. డాక్టరు గారు మొక్కలన్నీ తిరిగి చూశారు. ఎక్కడా కొరికిన ఆనవాలు లేదు. ఆయనా తికమకపడ్డారు. అప్పుడు బాబాయి వెనకనుంచి, "పొద్దున అమ్మవారి నిర్మాల్యం పెట్టానండి" అన్నాడు.

నిర్మాల్యమంటే మీకు తెలుసు, దేవుడికి పెట్టి మర్నాడు తీసేసిన పూలు. వాటిని తొక్కుళ్ళలో పడెయ్యకూడదు. ఎవరైనా కాలవలో వేస్తారు, చెట్టు మొదట్లో వేస్తారు. మా బాబాయి అవి అమ్మడికి పెట్టేవాడు. మూగజీవం నోట్లో పడితే ఇంకా మంచిదని ఆయన నమ్మకం. ఏళ్ళ తరబడి అలా పెడుతున్నాడు, ఏమీ కాలేదు. ఎందుకవుతుంది? అప్పుడు మా తోటలో ఉన్నవి మందారలు, బంతులు, చేమంతులు. జింక తినకుండా ఉండాలని మేం తోట మార్చాం. తోట మారితే గూట్లో పూలు మారతాయని, గూట్లో పూలు మారితే దాని నోట్లో పడేవి మారతాయని ఎవరికీ తట్టలేదు.

"ఏ పూలు?" అన్నారు డాక్టరు గారు.

బాబాయి గూటి దగ్గరికెళ్ళి బుట్ట తెచ్చాడు. అడుగున సగం దండ మిగిలి ఉంది. వాడిపోయిన ఎర్ర గన్నేరు.

"ఇది పెట్టావా!"

"గన్నేరు పప్పు విషమని తెలుసండి. పువ్వులో కూడానా? పువ్వు దేవుడికి పెడతామే!" అన్నాడు బాబాయి. ఆ మాట అడగటంలో బుకాయింపు లేదు. తెలియకే అడుగుతున్నాడు. ఆ పూటకి నాకు కూడా అంతే తెలుసు. గన్నేరు పప్పు నూరుకుని చచ్చినవాళ్ళ కథలు మా ఊళ్ళో చిన్నప్పట్నించీ విన్నదాన్నే. పువ్వు సంగతి ఎవరు చెప్పారు?

"వేరునుంచి పువ్వుదాకా అంతా విషమేనయ్యా. వాడితే ఆ చేదు తగ్గుతుంది, విషం తగ్గదు" అన్నారు డాక్టరు గారు. తిట్టలేదాయన. తిడితే బాగుండేది.

చెట్టున ఉంటే మూతి పెట్టని పువ్వుని చేత్తో పెడితే తిన్నది. ఇదీ నాలుగో రకం. ఆ రెండు బెదురు జింకలకి మనిషంటే భయం కాబట్టి ఏమీ కాలేదు. నమ్మినదే పడిపోయింది.

డాక్టరు గారు ఒక సూదిమందు ఇచ్చారు. "ఇప్పుడు కావాల్సింది బొగ్గు. మెత్తగా నూరి నీళ్ళలో కలిపి తాగిస్తే కడుపులో విషాన్ని బొగ్గు పట్టుకుంటుంది. కానీ పట్టుకుని గొంతులో పొయ్యకండి. అది భయపడి గింజుకుందంటే ఆ గుండె ఆగిపోతుంది. తనంతట తను తాగాలి" అన్నారు.

వంటాయన పొయ్యిలోంచి కట్టెబొగ్గు తీసి రోట్లో వేసి నూరాడు. గుడ్డలో వేసి జల్లించాడు. వేడి తగ్గిన గంజిలో కలిపి, కాస్త బెల్లం కూడా వేసి సత్తుగిన్నెలో పట్టుకొచ్చాడు. నేను గిన్నె తీసుకుని మెల్లగా అమ్మడి ముందు పెట్టాను. అది మొహం తిప్పుకుంది. వంటాయన పెట్టాడు, తిప్పుకుంది. డాక్టరు గారు వేలితో పెదవికి రాస్తే మెడ లాగేసుకుని వణికింది. ఆయన వెంటనే వెనక్కి తగ్గారు.

"వాచ్‌మన్ ఎక్కడ?" అన్నారు.

చూస్తే బాబాయి బావి దగ్గర ఉన్నాడు. బూడిదా ఇసకా కలిపి చేతులు తోముకుంటున్నాడు. కళాయి పోయిన గిన్నెని తోమినట్టు తోముతున్నాడు. అరచేతులు ఎర్రబడిపోయాయి.

"బాబాయ్, రా. నీ చేత్తో అయితే తాగుద్ది."

"నేను పెట్టను."

"ఏంటి పెట్టవు?"

"ఈ చేత్తో పెట్టింది చాలమ్మా. దాని జోలికి ఇంక నేను పోను. మీరెవరైనా చూసుకోండి."

"మా చేతిలో తినదని నువ్వేగా చెప్పావు!"

ఆయన ఇంకా తోముతూనే ఉన్నాడు. నాకు జాలి వెయ్యలేదని అబద్ధం చెప్పను, వేసింది. కానీ జాలికి అది సమయం కాదు. చేతిలో చెంబు లాక్కున్నాను.

"బాబాయ్, నీ చేతులకోసం ఏడవాలనుంటే సాయంత్రం కూచుని ఏడువు, నేను కూడా వచ్చి పక్కన కూచుంటా. ఇప్పుడది నీకోసం గేటు వైపు చూస్తా ఉంది. మా మొహాలు దానికి అక్కర్లేదు. నువ్వు పెట్టిందని దానికి నీ మీద కోపం ఉందా? అది నిన్ను తప్పుపట్టిందా? మధ్యలో నువ్వెవరు నిన్ను తప్పుపట్టడానికి? లే!"

పెద్దవాణ్ణి అలా కసిరినందుకు మామూలప్పుడైతే చెంపలేసుకునేదాన్ని. ఆయన లేచాడు. తడి చేతులు పంచెకి తుడుచుకోకుండానే నడిచాడు.

అమ్మడి ముందు కూలబడ్డాడు. గిన్నె జరిపాడు, అది చూడలేదు. అప్పుడు ఆ నల్లటి గంజి దోసిట్లో పోసుకుని దాని మూతి దగ్గర పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి సగం కారిపోయింది. జింక ముక్కు ఆడించింది. ఆ చేతులు వాసన చూసింది. నాలుక బయటపెట్టి ఒకసారి నాకింది. మళ్ళీ నాకింది.

"అమ్మడూ, అమ్మడూ" అంటూ ఆయన పోస్తూనే ఉన్నాడు. వంటాయన గిన్నె వంచుతున్నాడు. తెల్లటి ఆ మూతి నల్లగా అయిపోయింది. బాబాయి మోచేతులదాకా బొగ్గు. కళ్ళు తుడుచుకుంటే మొహమంతా బొగ్గు. వంటాయనకి వేళాకోళం చేసే అలవాటు కదా, "ముగ్గురం బొగ్గుబస్తాలు మోసినట్టున్నాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

"చెయ్యగలిగింది చేశాం. మళ్ళీ మళ్ళీ ఇస్తూ ఉండండి. చప్పుడు చెయ్యకండి, దాని చుట్టూ తిరక్కండి. నెమరు వేసిందంటే బతికినట్టు" అని చెప్పి డాక్టరు గారు వెళ్ళారు.

ఆ రోజంతా అది నెమరు వెయ్యలేదు. బాబాయి ఎండలోనే కూచున్నాడు. వంటాయన గొడుగు తెచ్చి ఇస్తే, తను పట్టుకోకుండా జింకకి నీడ పట్టాడు. ఆదివారం మధ్యాహ్నం నేను వరండా మెట్లమీద కూచుని ఉన్నాను. వంటాయన వంటింటి కిటికీలోంచి గుసగుసగా పిలిచాడు. "అక్కా, అక్కా, దాని దవడ చూడు."

చూశాను. కళ్ళు సగం మూసుకుని, దవడ అటూ ఇటూ. అటూ ఇటూ. గొంతులోంచి ఉండ పైకి రావడం దూరానికి కూడా కనపడింది. పిల్లలూ, నేను జీవితంలో ఎన్నో చూశాను, అంత అందంగా ఎవరూ నమలడం చూడలేదు.

ఇక ఇంజనీరు గారికి చెప్పుకోవాలి. నేను మాట పొందిగ్గా కూర్చుకుంటున్నాను గానీ, జీపు దిగగానే బాబాయే ఎదురెళ్ళి చెప్పేశాడు. "నేనే పెట్టానండి. ఎవరి తప్పూ లేదండి. నన్ను తీసేస్తే తీసెయ్యండి, దాన్ని మాత్రం గుంటూరు పంపకండి."

ఇంజనీరు గారు దారికి రెండువైపులా పూసిన గన్నేర్ల వైపు చూశారు. దసరా దగ్గరకొచ్చేసింది. తోట నిజంగా కన్నులపండగ్గా ఉంది. "గన్నేరు పెట్టమన్నది నేను కదా" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "పీకించెయ్యి" అన్నారు.

"దసరాకి బోసిగా ఉంటుందండి."

"ఉండనీ. నేను మాటపడతాను."

ఆ మనిషి పైవాళ్ళకి ఎంత భయపడతాడో నాకు తెలుసు కాబట్టి ఆ మాట విలువ కూడా నాకు తెలుసు.

పీకేశాను. వేళ్ళతో సహా తవ్వి, దూరంగా గొయ్యి తీసి పూడ్చాను. కాల్చలేదు, ఆ పొగ కూడా మంచిది కాదని డాక్టరు గారు చెప్పారు. నందివర్ధనం, బిళ్ళగన్నేరు సంగతీ ఆయన్నే అడిగాను. ఒకటికి రెండుసార్లు ఆలోచించమన్నారు. అవీ తీసేశాను. మొదటిసారి నేను వెతికింది జింక ఏది తినదా అని. రెండోసారి, ఖర్మ కాలి తిన్నా ఏది చంపదా అని వెతికాను. మీరు ఈ రెండో ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

దారి పక్క తులసి, మరువం, దవనం, నిమ్మగడ్డి. గోడవార వావిలి. దసరాకి అవి ఒత్తుగా లేచాయి గానీ పూలంటూ లేవు. పెద్దాఫీసరు గారు కారు దిగి నాలుగుపక్కలా చూసి, "ఇదేంటి, పువ్వన్నది లేదే?" అన్నారు. మా ఇంజనీరు గారికి చెమటలు పట్టాయి. "ఇది... ఇది వాసనల తోటండి" అన్నారు. నేను తల వంచుకుని నవ్వాపుకున్నాను. ఆయన భార్య మాత్రం వంగి మరువం రెబ్బ తుంచుకుని జడలో పెట్టుకుంది. వెళ్ళేరోజు నారు కూడా అడిగి పట్టుకెళ్ళింది. జింకల మాట ఎవరూ ఎత్తలేదు.

అమ్మడు కోలుకోడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్ళూ బాబాయి గడ్డి తెచ్చి నేలమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కెళ్ళి నిలబడేవాడు. చేతులు వీపు వెనక పెట్టుకునేవాడు. అది గడ్డి వైపు చూసేది కాదు. ఆయన దగ్గరికొచ్చి, వెనకనున్న చేతులకోసం ఆయన చుట్టూ తిరిగేది. ఆయన తిరిగితే అదీ తిరిగేది. వంటాయన చూసి, "ఏంటి బాబాయ్, తండ్రీకూతుళ్ళు కోలాటమాడుతున్నారా" అనేవాడు.

ఒకరోజు నేను పాదులు చేస్తుంటే బాబాయి వచ్చి నా ముందు నిలబడ్డాడు. చేతిలో పిడికెడు గరిక. నా ముందు చెయ్యి చాపి పిడికిలి విప్పాడు.

"ఇది పెట్టొచ్చా అమ్మాయ్?"

"గరికే కదా బాబాయ్" అన్నాను, తలెత్తకుండానే.

"అయినా ఒకసారి చూడు."

పలుగు పక్కన పెట్టాను. చేతులు తుడుచుకుని, ఆ గరిక ఒక్కొక్క పోచా విడదీసి చూశాను. అందులో గరిక తప్ప ఏమీ లేదు. ఉండదని మా ఇద్దరికీ తెలుసు. అయినా అన్నీ చూశాను.

"పెట్టు బాబాయ్" అన్నాను.

నేను రేపల్లె బదిలీ అయ్యేదాకా ఆయన రోజూ అలా పిడికిలి విప్పి చూపించేవాడు. నేను రోజూ చూసేదాన్ని. పని ఉందని ఒక్కరోజు కూడా చూడకుండా పెట్టమని అనలేదు.